లోపలి రాయి

మా ఇంట్లో పళ్లు తోముకుని పారేసే బ్రష్షులన్నీ చివరికి నా చేతికే వస్తాయి. అమ్మాయిది మరీ మెత్తన, అత్తగారిది అంతకంటే మెత్తన. మా ఆయన బ్రష్షు మాత్రం నెల తిరక్కుండానే నాలుగు వైపులకీ విచ్చుకుపోతుంది. తాబేలు చిప్ప లోపలి మూలలు తోమడానికి అంత పనికొచ్చే వస్తువు బజార్లో దొరకదు. నెలాఖరున వాటిని వేడినీళ్లలో నానబెట్టి, వంటగది కిటికీలో ఆరబెట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని మ్యూజియానికి పట్టుకుపోతాను. వాటిని చూసినప్పుడల్లా అత్తగారు అంటారు, “సింకు తోమమంటే నడుం నొప్పి. ఎప్పుడో చచ్చిన తాబేళ్లకి మాత్రం పళ్లు తోముతుంది మా కోడలు.” తాబేళ్లకి పళ్లుండవు, మొట్టమొదటి వాటికి ఉండేవి, తర్వాత పోయాయి అని చెప్పబోయి ఊరుకుంటాను. సింకు అప్పటికే తోమేసి ఉంటుంది. ఆ సంగతి కూడా చెప్పను. చెబితే మళ్లీ తోమి చూపించాలి.

నేను పనిచేసేది మ్యూజియం కింది అంతస్తులో. పైన అద్దాల పెట్టెల్లో జనానికి చూపించేవి ఏ నలభయ్యో ఉంటాయి. మిగతావన్నీ నా గదిలో, ఇనప బీరువాల సొరుగుల్లో. చిప్పలు, పుర్రెలు, మెడ ఎముకలు, రాయిగా మారిపోయినవి, ఇంకా మారనివి. పంతొమ్మిదేళ్లుగా వాటి దుమ్ము దులుపుతున్నాను. అంటుకున్న రాయిని సన్నటి సూదితో గీకి తీస్తున్నాను. విరిగినవి అతుకుతున్నాను. ఏ చిప్ప ఏ కుటుంబానిదో తేలుస్తున్నాను. ఈ చివరిది నా పని అని కాగితాల్లో ఎక్కడా లేదు. కాగితాల్లో నేను సహాయకురాలిని, తేల్చేది మా విభాగం పెద్ద, మా సారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి వస్తువుకీ దారంతో ఒక చీటీ కడతాం. ఇది ఫలానా జాతి, ఫలానా కుటుంబం, నిర్ణయించినవారు ఫలానా, తేదీ. రేపు ఇంకొకరు వచ్చి అది తప్పని తేలిస్తే పాత చీటీ చింపకూడదు. దాని పైన కొత్తది కట్టాలి. కొన్ని చిప్పలకి నాలుగైదు చీటీలు వేలాడుతుంటాయి. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో, ఎవరు ఎక్కడ పొరబడ్డారో అన్నీ ఒక దారానికే ఉంటాయి. ఆ చీటీల మీద అక్షరాలు నావి, కింద సంతకం సారుది. వారం వారం శుక్రవారం వాటిని ఒక ట్రేలో సర్ది పైకి పంపితే ఆయన టీ తాగుతూ అన్నిటి మీదా సంతకం చేసి పంపేస్తారు. చిప్పలు పైకి వెళ్లవు. మెట్లెక్కించడం కష్టమని మొదట్లో చీటీలే పంపేదాన్ని, తర్వాత అదే అలవాటైపోయింది.

సారు చెడ్డవాడు కాదు. గట్టిగా ఒక్క మాట అన్నది లేదు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే నన్ను పిలిచి, “మా అమ్మాయి చేతిరాత చూడండి, ముత్యాలు” అని చూపిస్తారు. మొదటిసారి విన్నప్పుడు పొంగిపోయాను. ఏడెనిమిదేళ్లు ఆ మాట మీదే బతికాను కూడా. ఆయన మా సేకరణ అంతటికీ మూడు వందల పేజీల కేటలాగు అచ్చువేయించారు. ముందుమాటలో ‘శుభ్రప్రతి తయారుచేసిన సహాయకురాలికి’ కృతజ్ఞతలు ఉన్నాయి. ఆ పుస్తకం ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆయన పేజీలు తిప్పి, “నీ పేరేది?” అని అడిగాడు. చూపించాను. “ఇదా?” అన్నాడు. ఆ తర్వాత బంధువులెవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే, “తాబేళ్ల దగ్గర గుమాస్తా” అని ఆయనే జవాబు చెప్పేస్తాడు. వాళ్లు నవ్వుతారు, నేను వాళ్లకి టీ పెట్టడానికి లేస్తాను.

తాబేళ్ల గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నాకు జరిగింది అర్థం కాదు. ఇవాళ బతికున్న తాబేళ్లన్నీ రెండే రెండు గుంపులు. ఒక గుంపు మెడని తిన్నగా వెనక్కి లాక్కుని చిప్పలో దాచేసుకుంటుంది. మేం వాటిని దాగుమెడవి అంటాం. రెండో గుంపు అలా లాక్కోలేదు, అలిగిన ఆడపడుచులా మొహం పక్కకి తిప్పుకుని మెడని చిప్ప అంచు కింద మడుచుకుంటుంది. అవి పక్కమెడవి. బతికున్నదైతే చూడగానే చెప్పేయొచ్చు. రాయిగా మారిన చిప్ప ఒక్కటే దొరికితే, పైనుంచి ఎంతసేపు చూసినా ఏ గుంపుదో చెప్పడం కష్టం. లోపల చూడాలి. పక్కమెడ తాబేలుకి తుంటి ఎముక పైచిప్పకీ కిందిచిప్పకీ అతుక్కుపోయి ఉంటుంది. ఎముక ఊడిపోయినా అతుకు మచ్చలు మాత్రం చిప్ప లోపల ఉండిపోతాయి. దాగుమెడ దానికి ఆ మచ్చలుండవు. అందుకని చిప్ప లోపల నిండిన రాయిని మొత్తం గీకి తీశాకే చీటీ రాయాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, తోమగా తోమగా తెలిసింది.

చిప్ప తాబేలు ఇల్లని అందరూ అనుకుంటారు. మా అమ్మాయి చిన్నప్పుడు, “అమ్మా, తాబేలు చిప్ప విప్పేసి స్నానం చేస్తుందా?” అని అడిగేది. అది విప్పేది కాదు. పక్కటెముకలే వెడల్పై, ఒకదాంతో ఒకటి కలిసిపోయి చిప్ప అయ్యాయి. వెన్నెముక అందులో భాగం. మిగతా జంతువులన్నిటికీ భుజం ఎముక పక్కటెముకల బయట ఉంటే, తాబేలుకొక్కదానికే లోపలికి పోయింది. ఇదంతా ఒక్కసారిగా జరగలేదు. ఇప్పటిదాకా దొరికిన పాత శిలాజాల్లో ఒకదానికి పొట్ట కింద చిప్ప పూర్తిగా ఉంది, వీపు మీద ఇంకా లేదు. ఆ తర్వాత వీపు మీదా చిప్ప వచ్చినవాటికి తల లోపలికి లాక్కోవడం చేతకాదు. చిప్ప వచ్చాక ఎన్నో లక్షల తరాల పాటు తల బయటే పెట్టుకుని బతికాయి. మెడ మడవడం తర్వాత నేర్చుకున్నాయి. బస్సులో సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్లే రోజుల్లో ఈ సంగతే గుర్తొస్తుంటుంది నాకు. తల దాచుకోవడం పుట్టుకతో వచ్చిందేమీ కాదు, మెల్లగా అలవాటైందే.

ఇక ఆ చిప్ప సంగతి. పదకొండేళ్ల కిందట వచ్చింది. చిన్న బుట్ట తిరగేసినంత ఉంటుంది, లోపలంతా గట్టి రాయి. అది వచ్చిన వారంలోనే మా అత్తగారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. అమ్మాయికి అప్పుడు రెండేళ్లు. సెలవు ఎవరు పెట్టాలన్న ప్రశ్న మా ఇంట్లో అసలు రాలేదు. మా ఆయన కాలేజీలో లెక్కలు చెబుతాడు. “నాకు పరీక్షల రోజులు. నీ రాళ్లు కోట్ల ఏళ్లుగా అక్కడే పడున్నాయి, ఇంకో ఆరు వారాలు ఆగలేవా?” అన్నాడు. నిజమే, ఆగాయి. ఆరు వారాలు అత్తగారిని లేవదీసి, పడుకోబెట్టి, పాపని ఒక చంకన వేసుకుని రెండో చేత్తో అన్ని పనులూ చేశాను. ఆడపడుచు ఒక ఆదివారం పళ్లు పట్టుకొచ్చి, “అమ్మని జాగ్రత్తగా చూసుకో వదినా” అని నా భుజం తట్టి సాయంత్రం బండికి వెళ్లిపోయింది.

తిరిగి ఉద్యోగానికి వెళ్లేసరికి పైన కొత్త గది ప్రారంభానికి నాలుగే రోజులుంది. నడి హాల్లో పెట్టడానికి సారుకి ఆ చిప్పే కావాలి. “పైపైన శుభ్రం చేసి చీటీ రాసెయ్యమ్మా. లోపలి రాయి తర్వాత తీద్దాం,” అన్నారు. చిప్ప పక్కనే అదే రాతిలో మూడు మెడ ఎముకలు కూడా ఉన్నాయి. వాటి కీళ్లు చూస్తే దాగుమెడవే. మెడే దొరికాక ఇంక లోపల చూసే పనేముంది అనుకున్నాను. ఆ ఎముకలు ఈ తాబేలువే అయ్యుండాలని ఏముంది, ఒకే వాగులో కొట్టుకొచ్చిన ఇంకో దానివి కావచ్చుగా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణంలోనే పాపకి జ్వరమని ఇంటి నుంచి ఫోనొచ్చింది. చీటీ రాసేసి, ట్రేలో పెట్టేసి వెళ్లిపోయాను. ‘తర్వాత’ అన్నది మళ్లీ రాలేదు. ఆ చిప్ప పదకొండేళ్లు దీపం కింద, అద్దం వెనకాల, దాగుమెడ తాబేళ్లలో మా దగ్గరున్న అతి పాతదిగా కూర్చుంది.

పోయిన నెల ఒక విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. తాబేళ్లలో ఈ రెండు గుంపులూ ఎప్పుడు విడిపోయాయో లెక్కకట్టడం ఆమె పని. ఆ లెక్కకి ఆధారం మా చిప్ప. లోపలి ఎముక మందం కొలవాలి, లోపలి రాయి తీసేయొచ్చా అని అడిగింది. ఇద్దరం కలిసి మూడు రోజులు గీకాం. ఆమె ఎడమవైపు, నేను కుడివైపు. పనిచేస్తూ చాలా కబుర్లు చెప్పింది. హాస్టల్లో కిటికీ లేని గది, పెళ్లెప్పుడని ప్రతి ఫోన్లోనూ అడిగే పిన్ని. “మీ చేతి కింద రాయి చెప్పినమాట వింటోంది మేడమ్,” అంది. అలాంటి మాట నాతో ఎవరూ అనలేదు, బ్రష్షు మార్చుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నా సూది కింద ఒక గరుకు మచ్చ తేలింది. కోలగా, బొటనవేలంత. ఆమె వైపు సరిగ్గా అదే చోట ఇంకోటి. ఆమే దీపం దగ్గరికి లాగి చూసింది. తుంటి ఎముక అతుక్కున్న మచ్చలు. పక్కమెడ తాబేలు. ఆమె చేతిలో సూది కింద పెట్టేసి అక్కడే నేల మీద కూర్చుంది. “నాలుగేళ్ల పని మేడమ్ ఇది,” అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. కాసేపటికి లేచి చీటీ తిప్పి చూసి, “ఎవరు నిర్ణయించారు దీన్ని?” అని అడిగింది. “పేరుందిగా,” అన్నాను. అంతే అన్నాను. పంతొమ్మిదేళ్లుగా నా పని మీద ఇంకొకరి సంతకం ఉందని లోపల్లోపల కుళ్లిపోయినదాన్ని, ఆ రోజు ఆ సంతకం వెనకాల చక్కగా దాక్కున్నాను. నాకు నామీద అంత అసహ్యం అంతకుముందెన్నడూ వేయలేదు.

ఆమె మ్యూజియం కమిటీకి ఉత్తరం రాసింది. రాయడం న్యాయం. సోమవారం సారు నన్ను పైకి పిలిచి, కూర్చోమని కుర్చీ చూపించారు. కూర్చోమన్నారంటేనే ఏదో ఉందని అర్థమైంది.

“చూడమ్మా, కమిటీ సంజాయిషీ అడుగుతోంది. ఈ టైములో,” అన్నారు. ఈ టైములో అంటే, ఆయన పేరు డైరెక్టరు పదవికి వెళ్లి ఉంది. ఆ కేటలాగు చూపించే వెళ్లింది.

“అవును సార్.”

“సంతకం నాదే, కాదనను. కానీ నీ మీద నమ్మకంతో పెట్టింది. రాత ఎవరిది? నీది. చూసిందెవరు? నువ్వు. అంటే నిర్ణయం నీదేగా. ఆ ముక్కే ఒక కాగితం మీద రాసిచ్చెయ్. శుక్రవారంలోగా ఇస్తే చాలు.”

“రాసిస్తే?”

“పెద్దగా ఏముండదులే. కొన్నాళ్లు టికెట్ల దగ్గర కూర్చోబెడతారేమో. అదీ హాయే, మెట్లు దిగే పనుండదు.”

సరే సార్ అని వచ్చేశాను. సరే సార్ అనడం నాకు ఊపిరి తీసుకోవడంతో సమానం. మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. ఉద్యోగం పోదు. పోయేది ఆ గది. ఉదయం తాళం తీయగానే వచ్చే సున్నపురాయి వాసన, ఏ సొరుగు ఎక్కడ బిగుసుకుంటుందో తెలిసిన నా చేతులు. ఇంట్లో నాదంటూ ఒక అల్మరా లేదు. ఆ గదిలో అరవై నాలుగు బీరువాలున్నాయి.

సాయంత్రం కూరగాయలు తరుగుతూ మా ఆయనకి చెప్పాను. ఆయన టీవీ గొంతు తగ్గించి విన్నాడు, అదొక గౌరవమే. “ఒప్పేసుకుంటే పోలా? గొడవెందుకు,” అన్నాడు. “ఇంట్లో రోజూ ఒప్పుకుంటూనే ఉంటావుగా.” జోకు వేశాననుకుని తనే నవ్వాడు. నేను ఆలోచించాను. నిజమే, రోజూ ఒప్పుకుంటాను. ఆయన తాళాలు కనపడకపోతే నేనే ఎక్కడో పెట్టి ఉంటాను. అమ్మాయికి మార్కులు తగ్గితే నేనే పట్టించుకోలేదు. కూరలో ఉప్పెక్కువైతే నా ధ్యాస తాబేళ్ల మీద ఉంది. తాళాలు వాటి కొక్కేనికి ఉన్న రోజులు, మార్కులు బాగా వచ్చిన నెలలు, ఉప్పు సరిపోయిన వేల పూటలు మాత్రం వాటంతటవే జరిగిపోయాయి. వాటికి సంతకం ఎవరూ అడగరు.

అత్తగారు పక్కగదిలోంచి అంతా విన్నారు. భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే వచ్చి కుర్చీలాక్కుని కూర్చున్నారు.

“నిజంగా తప్పు చేశావా?”

“చేశాను అత్తయ్యా.”

“ఎప్పుడు?”

“మీరు మెట్ల మీద పడినప్పుడు.”

ఆవిడ చీర అంచు మోకాలి మీద సవరించుకున్నారు. “ఆ సంగతి కాగితంలో రాయకు,” అన్నారు చివరికి. “నా కాలు విషయం ఊరందరికీ ఎందుకు.” లేచి వెళ్తూ వెళ్తూ ఆగి, “ఆరు వారాలూ నువ్వే చేశావు. నేనెప్పుడూ అనలేదు గానీ,” అని, ఆ మాట అక్కడే వదిలేసి గదిలోకి వెళ్లిపోయారు. నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండిటికీ ఓపిక లేక గిన్నెలు సర్దేశాను.

మర్నాడు సంజాయిషీ రాద్దామని కూర్చున్నాను. కలం కదల్లేదు. ఎదురుగా బల్ల మీద ఒక తాబేలు పుర్రె ఉంది. తాబేలు పుర్రెకి కణతల దగ్గర కన్నాలుండవు. బల్లికి, మొసలికి, పక్షికి అన్నిటికీ ఉంటాయి. ఆ ఒక్క కారణం చూసి మహామహులు దీన్ని పాకే జంతువులన్నిటిలోకీ అతి పాతదన్నారు. ఎదుగూబొదుగూ లేక మొదట ఎక్కడుందో అక్కడే ఉండిపోయిన వెనకబడ్డ జీవి అన్నారు. వంశవృక్షంలో అడుగున, ఒక పక్కకి నెట్టేశారు. అలా చాలా తరాలు పాఠాలు చెప్పారు. తర్వాత జన్యువులు పరీక్షిస్తే తేలిందేమిటంటే తాబేలు మొసళ్లకీ పక్షులకీ దగ్గరి చుట్టం. దాని పూర్వీకులకీ కన్నాలుండేవి, తర్వాత మూసుకుపోయాయి. పైనుంచి మాత్రమే చూసి చెప్పినవాళ్లందరూ పొరబడ్డారు. వాళ్ల బొమ్మలు మా మ్యూజియం మెట్ల గోడకి వరసగా వేలాడుతున్నాయి. వాళ్లనెవరూ సంజాయిషీ అడగలేదు. టికెట్లు చింపడానికి ఎవరూ పంపలేదు.

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. నవ్వుతుంటే సారు మాట చెవిలో మళ్లీ వినిపించింది. రాత ఎవరిది, నీది. చూసిందెవరు, నువ్వు. అంటే నిర్ణయం నీదే. అంత సూటిగా ఈ మాట ఇన్నేళ్లలో నాతో ఎవరూ అనలేదు. నేను కూడా అనుకోలేదు.

కాగితం పక్కన పెట్టి మొదటి బీరువా తెరిచాను. మూడు రోజులు పట్టింది. ఒక్కో సొరుగూ లాగి, ఒక్కో చీటీ తిప్పి, నా చేతిరాత ఉన్న ప్రతిదాని నంబరూ రాసుకున్నాను. అందులో సారు నిజంగా చూసి చెప్పినవి ఉన్నాయి. మొదటి రెండేళ్లలో ఆయన కిందికి వచ్చేవారు, చిప్ప చేతిలోకి తీసుకుని నాకు చాలా చెప్పేవారు కూడా. అవి ముప్పై ఏడు. వాటిని తీసేశాను, అవి ఆయనవే. మిగిలినవి ఆరు వందల నలభై ఒకటి. వెతుకుతుంటే నావే ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. వాటినీ జాబితాలో వేసి పక్కన తప్పు అని రాశాను. ఆ మూడు రోజులూ ఇంటికి గంట ఆలస్యంగా వెళ్లాను. మా ఆయన టీ తనే పెట్టుకుని, పంచదార ఎక్కడుంటుందని ఫోన్ చేశాడు. పెళ్లై పద్దెనిమిదేళ్లైంది. పొయ్యి పక్కన అని చెప్పి పెట్టేశాను.

గురువారం కూర్చుని ఆ పరిశోధన చేసే అమ్మాయికి ఉత్తరం రాశాను. ఆ చీటీ రాసింది నేను, ఆ రోజు నువ్వు అడిగినప్పుడు చెప్పాల్సింది, చెప్పలేదు, నన్ను క్షమించు అని. అత్తగారి కాలు గురించి గానీ పాప జ్వరం గురించి గానీ రాయలేదు. అవి నిజాలే. కానీ ఆ మచ్చని నేను చూడకపోవడం కూడా నిజమే.

శుక్రవారం చీటీల ట్రే పైకి పంపలేదు. కాగితాలు పట్టుకుని నేనే వెళ్లాను. సారు కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. మొదటి పేజీలో ఉన్నది ఇంతే. ‘ఈ చిప్ప దాగుమెడ తాబేలుదని నిర్ణయించింది నేను. లోపలి రాయి తీయకుండా నిర్ణయించడం నా తప్పు. చేతిరాత, పరిశీలన ఎవరివైతే నిర్ణయం వారిదేనని విభాగం పెద్ద నాకు తెలియజేశారు. ఆ ప్రకారం నా నిర్ణయాలైన మిగతా ఆరు వందల నలభై వస్తువుల జాబితా ఇందుకు జతచేస్తున్నాను. నిర్ణయించినవారిగా నా పేరుతో కొత్త చీటీలు కట్టడానికి అనుమతించగలరు.’ తర్వాతి పద్నాలుగు పేజీలు నంబర్లు.

ఆయన నాలుగో పేజీ దాకా వెళ్లి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఒక్క తప్పు రాసివ్వమంటే ఇదంతా ఏంటమ్మా?”

“ఒక్కటే నాదెలా అవుతుంది సార్? అన్నీ అదే రాత.”

“ఇది కమిటీ చూస్తే నా కేటలాగు ఏం కావాలి?”

ఆయన మొహం చూస్తే జాలేసింది, అబద్ధం ఎందుకు. నాకు చిప్ప పట్టుకోవడం నేర్పిన చేతులవి. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. ఈసారి నా పక్క కుర్చీలో కూర్చున్నారు.

“సరే, నేనే తొందరపడ్డాను. ఇది చింపేద్దాం. ఆ చిప్ప విషయం నా పొరపాటేనని నేనే రాసిచ్చేస్తాను. సంతకం నాదేగా, ఎవరూ అడగరు. నీ పేరే రాదు. టికెట్లూ వద్దు, ఏమీ వద్దు. నీ గదిలో నువ్వుండు, ఎప్పట్లాగే. సరేనా?”

నా గది. ఎప్పట్లాగే. మూడు రోజులుగా సరిగ్గా తినలేదు, ఇంటికి వెళ్తే ఇంకా బట్టలు మడతపెట్టాలి. సరే సార్ అన్న మాట నాలుక చివరిదాకా దానంతటదే వచ్చేసింది. ఆయన చేయి అప్పటికే కాగితాల మీద ఉంది. ఆ పద్నాలుగు పేజీలూ ఆయన చేతి కిందినుంచి లాక్కుని, అంచులు సమంగా సర్ది, మొదటి పేజీ మళ్లీ పైన పెట్టాను.

“వద్దు సార్,” అన్నాను. “ఆ తప్పు నాక్కావాలి.”